మోకాలి కింది రుమాలు

శనివారం ఉదయం ఇస్త్రీబల్ల మీదికి రుమాలు రాలేదు.

తండ్రి ఆదివారపు దుస్తులను ఆర్డీలియా ఒక్కొక్కటిగా ఎత్తి చూసింది. తెల్లచొక్కా ఉంది. గంజి పెట్టవలసిన కాలరు ఉంది. నల్లకోటు తలుపు వెనుక వేలాడుతూనే ఉంది. నెల మొదటి ఆదివారానికి ముందురోజు, వీటన్నిటి మీద నాలుగు మడతలతో ఆయన స్వయంగా ఉంచే తెల్లని రుమాలు మాత్రం లేదు.

అంటే రేపు ఆయన ప్రార్థనామందిరానికి వస్తాడు. మోకరించడు.

వంటగది గుమ్మంలో ఆమె భర్త ఆంబ్రోస్ థాక్స్‌టన్ నిలబడి ఉన్నాడు. అతని చేతిలోని పళ్ళెంలో వేయించిన చేప, మొక్కజొన్న జావ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

“నాన్న ముట్టుకోలేదా?”

“కాఫీ తాగారు.”

“ఏమైనా అన్నారా?”

“నేను లోపలికి వెళ్ళగానే కుర్చీ గోడవైపు తిప్పుకున్నారు.”

ఆమె పళ్ళెం అందుకొని బల్లమీద అతని ముందే పెట్టింది. ఇంట్లో ఒక్కరైనా తినాలి కదా అంది. అతడు కూర్చున్నాడు కాని తినలేదు.

గురువారం మధ్యాహ్నం నుంచి ఆర్డీలియా తండ్రి, మా సంఘపు పెద్ద డీకన్ హిజ్కియా ప్రూయిట్ నోరు విప్పలేదు. ఆ పేరుగల బైబిలు రాజొకడు మరణశయ్య మీద గోడవైపు ముఖం తిప్పుకొని దేవునికి మొరపెట్టాడని మాకు చిన్ననాటినుంచి చెప్పేవారు. మన డీకన్ గారు గోడవైపు తిరిగి మొర మానుకున్నాడు.

డెబ్బై నాలుగేళ్ళ జీవితంలో ఆయన సినిమాహాలులో అడుగుపెట్టడం ఆ గురువారమే మొదలు. పాపుల గుడారమని తాను పేరుపెట్టిన చోటికి అల్లుడి కోసం వెళ్ళాడు. సంఘమంతా వెళ్ళింది. పదకొండేళ్ళుగా గ్రంథాలయపు నేలమాళిగలో, అద్దె గుడారాలలో, రాజుగా సేనానిగా న్యాయవాదిగా వేషం కట్టి మమ్మల్ని కంటతడి పెట్టించిన మా ఆంబ్రోస్ తెరమీద కనబడతాడంటే మా నల్లవారి పేట హార్లెంలో ఇంటిపట్టున ఎవరుంటారు? డీకన్ గారిని మధ్యవరుసలో కూర్చోబెట్టాం. ఆయన టోపీ ఒళ్ళో పెట్టుకొని, మందిరంలో కూర్చున్నట్టే నిటారుగా కూర్చున్నాడు.

తెరమీద ఆంబ్రోస్ చిరిగిన కోటుతో వచ్చాడు. కుర్చీని తనవైపు తిప్పుకున్నాడు. నేలమీద రుమాలు పరిచాడు. ఎడమ మోకాలు మోపి, మోచేతులు కుర్చీ మీద ఆనించాడు. డీకన్ ప్రూయిట్ ఎలా చేస్తాడో అచ్చంగా అలాగే. ఆపైన ఆయన ప్రార్థనే మొదలుపెట్టాడు.

మా సంఘాలలో పాత డీకనులకు ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రార్థన ఉంటుంది. అది ఏ పుస్తకంలోనూ ఉండదు. పెద్దవాడు తన తరువాతివాడిని ఎంచుకొని, నోటినుంచి నోటికి అప్పగిస్తాడు. ఒకరిది మరొకరు పలకరు. హిజ్కియా ప్రూయిట్ ప్రార్థన ఆయన తాతది. జార్జియాలో, తన ఒంటికి తాను యజమాని కాని బానిస రోజులలో, ఆ తాత పాకలో ఇనుపకుండను బోర్లించి, దాని అంచుకింద నోరుపెట్టి ఆ మాటలు పలికేవాడట. గొంతును కుండ మింగుతుందనీ, దొరగారి ఇంటికి వినబడనీయదనీ వారి నమ్మకం.

“నా పాదములు నావి కాని దినములలోను, ప్రభువా, నా మోకాళ్ళు నీ సొత్తుగానే ఉండెను.”

తెరమీద ఆంబ్రోస్ ఆ మాట పలికిన క్షణాన, అతని కోటు గుండీల మధ్యనుంచి దొంగిలించిన కోడి ఒకటి తల బయటపెట్టి కొక్కొక్కో అంది.

హాలు పగలబడి నవ్వింది. మాలోనూ కొందరం నవ్వాం. దాచి ప్రయోజనం లేదు. నవ్విన తరువాత నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాం.

డీకన్ గారు టోపీ పెట్టుకొని లేచి, ఒక్కొక్కరి మోకాళ్ళు తప్పించుకుంటూ, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం ఆర్డీలియా భర్తను ఒకే ఒక ప్రశ్న అడిగింది. కోడి సంగతి నీకు తెలుసా? తెలియదన్నాడు ఆంబ్రోస్. తాను ప్రార్థన చేసిన తరువాత ఎప్పుడో దాన్ని విడిగా తీసి అతికించి ఉంటారన్నాడు. వేషగాడు కనుక చెప్పవలసిన తీరులో చెప్పాడు. ఆమె నమ్మింది.

అది అబద్ధం.

సినిమావాళ్ళు రాసి ఇచ్చిన ప్రార్థన వెకిలికూతల మూట. మావాడొకడు దేవుణ్ణి పిలిచే తీరు ఇలా ఉంటుందని, ఏనాడూ మా బల్లల మీద కూర్చోని మనిషి ఊహించి రాసినది. అది నేను పలకనని ఆంబ్రోస్ మొండికేశాడు. దర్శకుడు విసిగిపోయి, నీ నోటికి వచ్చిన ప్రార్థనే చేసుకో, కోడి మాత్రం ఉండి తీరాలన్నాడు. అప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది, గర్వంతో వచ్చింది. నిజమైన ప్రార్థన పలికితే కోడిని ఎవరు చూస్తారు? ఒకసారి ఆడుతూ ఉండగా గుడారం చినిగి వాన పడినా, ఒక్కరినీ కదలనీయకుండా కూర్చోబెట్టిన గొంతు తనది. ఆ గొంతుకు పునాది మామగారి ప్రార్థనే. తెర వెనుక నిలబడి ప్రతి ఆటకు ముందు దాని మొదటి మాటను లోలోపల అనుకోనిదే వేదిక ఎక్కినవాడు కాడు.

కాళ్ళు కట్టిన కోడిని కోటులో పెట్టి గుండీలు వేశారు. అతడు మోకరించాడు. ప్రార్థన సాగినంతసేపూ దాని గుండె అతని పక్కటెముకలను తాకుతూనే ఉంది.

ఆ శనివారం పదిగంటలకు సిస్టర్ లవీనియా బాగ్స్ చిలగడదుంపతో చేసిన తీపివంటకం పళ్ళెంలో పట్టుకొని మెట్లు దిగి వచ్చింది. పైఅంతస్తులో ఉండే మనిషి, మందిరంలో ఆర్డీలియా పక్కన పాడే మనిషి, మనసులో ఉన్నది నాలుక చివర నిలవని మనిషి.

“ఏమయ్యా ఆంబ్రోస్, నీకంటే కోడే బాగా చేసిందని మా ఆయన అంటున్నాడు. దానికి కూడా ఉత్తరాలు వస్తున్నాయా?”

అతడు తల వంచుకున్నాడు. ఆమె చేతిలోని పళ్ళెం దించి, అతని భుజం మీద ఒకటి తట్టింది. నా మాటలకేం, నేనూ నవ్వినదాన్నేనయ్యా, నవ్వి రాత్రంతా నిద్రపోలేదంది. ఆ తరువాత అసలు కబురు గొంతు తగ్గించి చెప్పింది. నిన్న డీకనులు కూడుకున్నారు. రేపు ప్రభురాత్రి భోజనానికి ముందు ప్రూయిట్ గారు లేవకపోతే డీకన్ క్రంప్ ప్రార్థన చెయ్యాలని అనుకున్నారు.

“క్రంప్ మొదలుపెట్టాడంటే రొట్టె ఎండిపోతుంది, ద్రాక్షరసం పులిసిపోతుంది,” అంది లవీనియా. “అది నవ్వుకునే మాటే అమ్మడూ. ఇంకో మాటుంది. రేపు మీ నాన్న నోరు తెరవకపోతే ఇక ఎవరూ ఆయన్ని పిలవరు. ఎంతో గౌరవంగా వెనకబల్ల చూపిస్తారు. వెనకబల్ల మీద మా అన్న ఎన్నాళ్ళు బతికాడో నీకు తెలుసు.”

ఆర్డీలియాకు తెలుసు. ఆరు నెలలు.

వెళ్ళబోతూ లవీనియా గుమ్మంలో ఆగింది. నాన్నగారుండే ముందుగది కిటికీకి తెర వెయ్యమంది. కింద మెట్లమీద పిల్లలు ఒక పెట్టెను కుర్చీగా తిప్పుకొని ఆట ఆడుతున్నారట. ఒకడు మోకరిస్తాడు, మరొకడు వాడి చొక్కాలోనుంచి కోడిలా కూస్తాడు.

కుర్చీ గోడవైపు ఎందుకు తిరిగిందో భార్యాభర్తలిద్దరికీ అప్పుడు తెలిసింది.

లవీనియా వెళ్ళగానే ఆర్డీలియా మళ్ళీ ఇస్త్రీబల్ల ముందు నిలబడింది. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ కమురువాసన వచ్చేదాకా ఆర్డీలియా దాన్ని ఎత్తలేదు.

“నీ జేబులోని తంతి ఇలా ఇయ్యి.”

అతడు ఉలిక్కిపడ్డాడు. శుక్రవారం వచ్చిన టెలిగ్రాం అది. ఆమెకు తెలియదనుకున్నాడు.

ఆమె చదివింది. పడమటి తీరపు సినిమా కంపెనీవారు పంపినది. మరో చిత్రం ఉంది. అదే వేషం, అదే పేరు. జనం మెచ్చిన ప్రార్థన మళ్ళీ ఉండాలి. ఆదివారం సాయంత్రంలోగా జవాబు ఇస్తే మంగళవారపు రైలుకు ఏర్పాట్లు చేస్తారు.

“ఏమని జవాబివ్వాలనుకున్నావు?”

“ఇంకా ఏమీ అనుకోలేదు.”

“అనుకోకపోతే అది నీ జేబులో ఎందుకుంది? పొయ్యిలో ఉండాలి.”

“పదకొండేళ్ళు, ఆర్డీలియా,” అన్నాడతడు మెల్లగా. “లిఫ్టు నడుపుతూ పాఠాలు వల్లించాను. దక్షిణాదిన రైల్వేస్టేషను బల్లలమీద పడుకొని ఊరూరా ఆడాను. ఇన్నాళ్ళకు ఒక్క తలుపు తెరుచుకుంది.”

“తెరుచుకున్న తలుపులోంచి నువ్వు ఎవరిని లోపలికి తీసుకెళ్ళావో అదే అడుగుతున్నాను. నిన్ను తీసుకెళ్ళు, కాదనను. మా నాన్నను తీసుకెళ్ళావు. కుండకింద దాగిన ఆయన తాతను తీసుకెళ్ళావు.”

ఆమె తంతిని మడిచి తన చేతిసంచిలో వేసుకొని గొళ్ళెం నొక్కింది. రేపు సాయంత్రం దాకా ఇది నా దగ్గర ఉంటుందంది. ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసి, జుట్టు సర్దుకొని, ముందుగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

తలుపు వెనుక ఆమె గొంతు ఒక్కటే వినబడుతూ ఉంది. మాటలు తెలియలేదు. ఆంబ్రోస్ బల్లముందు కూర్చొని, చల్లారిన చేపను చూస్తూ, లేచి వెళ్ళి ఆ తలుపు తెరవాలనుకున్నాడు. కోడి నా కోటులోనే ఉంది, నాకు తెలుసు అనే ఆరు మాటలు చెప్పాలి. మూడు గంటల నాటకాన్ని ఒక్క పొల్లు తప్పకుండా అప్పజెప్పగల నోటికి అవి బరువయ్యాయి. రెండుసార్లు లేచాడు. రెండుసార్లు కూర్చున్నాడు.

ఆమె బయటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముఖం మాత్రం తేటపడింది.

“చెప్పాను. నీకు తెలియదని చెప్పాను. వాళ్ళు నిన్నూ మోసం చేశారని చెప్పాను. మా అమ్మ పేరుమీద ఒట్టేసి చెప్పాను, ఆంబ్రోస్. నాన్న నావైపు చూశారు. గురువారం నుంచి ఇదే మొదటిసారి.”

అతని నోరు తెరుచుకుంది. అప్పుడు చెప్పి ఉండవలసింది. ఆమె ముఖంలోని ఆ వెలుగు చూసి నోరు మూసుకున్నాడు.

సాయంత్రం దీపం పెట్టే వేళకు ఇస్త్రీబల్ల మీద నాలుగు మడతల రుమాలు ఉంది. ఎప్పుడు తెచ్చి పెట్టాడో ఎవరూ చూడలేదు. ఆర్డీలియా దాన్ని రెండు చేతులతో ఎత్తి ముఖానికి అద్దుకుంది. తడి గుడ్డ మీద ఇస్త్రీపెట్టె సుయ్‌మంటూ ఉంటే భర్త ఆమె వెనుక నిలబడి, ఆ ఆవిరిని చూస్తూ, రేపు ఉదయం చెబుతాననుకున్నాడు.

ఉదయం కూడా చెప్పలేదు.

మొదటి ఆదివారం మా మందిరం తెల్లగా ఉంటుంది. మేము పెద్దతల్లులని పిలిచే ముసలమ్మలందరూ తెల్లని దుస్తులు, తెల్లని చేతితొడుగులు వేసుకొని ముందుబల్లలలో కూర్చుంటారు. ప్రభువు బల్ల మీద తెల్లని గుడ్డ కప్పి ఉంటుంది. ఆనాడు బల్లలన్నీ నిండాయి. కొందరు ఆరాధనకు వచ్చారు, కొందరు ప్రూయిట్ గారు లేస్తాడో లేదో చూడడానికి వచ్చారు.

ఆంబ్రోస్ మూడవ బల్ల చివర, నడవ పక్కన కూర్చున్నాడు. అతని పక్కన ఆర్డీలియా, ఆమె ఒళ్ళో చేతిసంచి. డీకన్ గారు వేదిక కింద తన స్థలంలో, తన కుర్చీలో, మోకాళ్ళమీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు.

పాస్టరు స్ట్రాదర్ లేచి నిలబడ్డాడు. “డీకన్ ప్రూయిట్ గారు ప్రార్థనలో మనలను దేవుని కృపాసనం ఎదుటికి నడిపిస్తారు.”

డీకన్ గారు కదలలేదు.

మా పెద్దలు అలాంటి మౌనాన్ని ఊరికే వదలరు. పెద్దతల్లులలో ఒకామె పెదవులు విప్పకుండా మూలుగువంటి ఒక రాగం ఎత్తింది. పక్కామె అందుకుంది. బల్లనుంచి బల్లకు ఆ రాగం పాకి, కూర్చున్న మనిషిని కిందనుంచి లేవనెత్తే నీటిలా మందిరం నిండింది. రెండవ వరుసలో డీకన్ క్రంప్ గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు హిజ్కియా ప్రూయిట్ లేచాడు.

లేచి తన కుర్చీని చేతిలోకి తీసుకున్నాడు. ముందుకు రాలేదు. కుర్చీ మోసుకుంటూ నడవలోకి నడిచాడు. మూడవ బల్ల దగ్గర ఆగాడు. కుర్చీని అల్లుడి ముందు దించి, అతనివైపు తిప్పాడు. కోటు లోపలినుంచి రుమాలు తీసి, వంగి, మడతలు విప్పి, నేలమీద పరిచాడు. తాను మోకరించలేదు. పక్కకు జరిగి నిలబడ్డాడు.

సంఘానికి అర్థమయింది. ఆ ప్రార్థనకు తరువాతివాడిని ఆయన ఎంచుకున్నాడు. సినిమావాళ్ళు అల్లుణ్ణి మోసం చేశారన్న కబురు అప్పటికే మా అందరికీ చేరింది. తెరమీద మోసపోయినవాడికి దాన్ని మందిరంలో, నలుగురి ఎదుట, కడిగి తిరిగి ఇస్తున్నాడు. లవీనియా బాగ్స్ బిగ్గరగా స్తోత్రం అంది. ఆర్డీలియా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ సందులనుంచి ఆమె నవ్వు కనబడుతూ ఉంది.

ఆంబ్రోస్ మోకరించాడు.

రుమాలు చల్లగా, గంజితో బిరుసుగా ఉంది. మోచేతులు కుర్చీ మీద ఆనగానే గొంతు తనంతట తాను సిద్ధమయింది. వెనకబల్లను ఎలా చేరాలో, ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద స్వరం తగ్గిస్తే పెద్దతల్లులు రుమాళ్ళు తీస్తారో అతనికి తెలుసు. ఈ ప్రార్థనను అతడు హాలీవుడ్‌లో కంటే గొప్పగా చెయ్యగలడు. అది తెలిసినందుకే అతడు కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

“ప్రభువా,” అన్నాడు.

“అవును ప్రభువా,” అంది సంఘం.

మా దగ్గర ప్రార్థించేవాడు ఒంటరిగా ప్రార్థించడు. ఒక మాట అంటాడు, బదులు కోసం ఆగుతాడు. బదులు వస్తేనే రెండవ మాట. ప్రార్థన అప్పగించినవాడి గొంతు కలిస్తేనే అది నిండు బదులు. ఆ తొలి బదులులో డీకన్ గారి గొంతు లేదు. ఆయన వేచి ఉన్నాడు.

ఎడమవైపు పక్కటెముకల దగ్గర ఏదో కొట్టుకుంటూ ఉంది. అది తన గుండే అని అతనికి తెలుసు.

“ప్రభువా, కోడి నా కోటులోనే ఉంది.”

రాగం ఆగిపోయింది.

“ఉందని నాకు తెలుసు. గుండీలు పెట్టేటప్పుడు చూస్తూ నిలబడ్డాను. నా గొంతు ముందు కోడి ఏపాటిదనుకున్నాను. తెలియదని నా భార్యకు చెప్పాను. ఆమె వాళ్ళమ్మ పేరుమీద ఒట్టేసి వాళ్ళ నాన్నకు చెప్పింది.”

అతడు బదులు కోసం ఆగాడు.

ఎవరూ పలకలేదు. పాస్టరు బల్లమీది తెల్లని గుడ్డను చూస్తున్నాడు. క్రంప్ కూడా కదలలేదు. చూడడానికి వచ్చినవారు కూడా నవ్వలేదు.

అతని వెనుక బల్ల కిర్రుమంది. ఆర్డీలియా లేచింది. మడమల చప్పుడు నడవ పొడుగునా, తొందర లేకుండా, ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టుకోవచ్చునన్నంత స్పష్టంగా తలుపువైపు సాగింది. చేతిసంచి ఆమెతోనే వెళ్ళింది. అందులో తంతి ఉంది. నూట ఇరవై ఐదవ వీధిలోని తంతి కార్యాలయం ఆదివారం మధ్యాహ్నం తెరుస్తారు. ఆమె దాన్ని చించివేయడానికి వెళుతోందో, లేక తానే జవాబు పంపి భర్తను మంగళవారపు రైలెక్కించి వదిలించుకోవడానికి వెళుతోందో అతనికి తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. వీధి వెలుగు నడవ మీద పడింది. తలుపు మళ్ళీ మూసుకుంది.

ఆంబ్రోస్ చేతులు కుర్చీ మీద ఆనించి లేవబోయాడు. మా మందిరంలో మోకరించినవాడు ప్రార్థన ముగియకుండా లేవకూడదు. ఆ సంగతి అతడు మరచిపోయాడు, లేదా ఇక లక్ష్యపెట్టలేదు.

ఒక చెయ్యి అతని భుజం మీద పడింది. ముసలిచెయ్యి. అది ఆదుకునే చెయ్యో అణిచే చెయ్యో చూస్తున్న మాకు తెలియలేదు. ఆ బరువుకు అతని మోకాలు మళ్ళీ రుమాలు మీద ఆనింది.

“ఇంకా ఆమెన్ కాలేదు, బాబూ,” అన్నాడు హిజ్కియా ప్రూయిట్.